తలలు ఒక గిన్నెలో, మొండేలు ఒక గిన్నెలో

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సాధన జువాలజీ చెబుతుంది. గెస్ట్ లెక్చరర్. అంటే ఏడాదికోసారి కాలేజీకి కొత్తగా పరిచయమయ్యే పాత మనిషన్నమాట. సముద్రపు లోతుల్లో బతికే రొయ్యల గురించి గంటసేపు అనర్గళంగా మాట్లాడుతుంది గానీ, ఒక్కదాన్నయినా కళ్లారా చూసిన పాపాన పోలేదు. ఈ ఊళ్లో లోతు నీళ్లంటే వానాకాలపు రోడ్లే కదా!

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆమెకు డెమో క్లాసు. ప్రిన్సిపాల్ భానుమూర్తి వెనక బెంచీలో కూర్చుని వింటాడు. ఆయనకు నచ్చితే ఉద్యోగం పర్మనెంటు, లేదంటే మళ్లీ కొత్త పరిచయమే. అందుకని విశాఖలో సముద్ర సర్వే పడవ మీద పనిచేసే స్నేహితురాలు సౌజన్యను బతిమాలి, రెండు రకాల లోతు రొయ్యల్ని ఐసులో పెట్టించి బస్సులో తెప్పించుకుంది. పొద్దున్నే ఎల్బీ నగర్‌లో బస్సు కోసం కాచుకుని, థర్మాకోల్ డబ్బాను చంటిపిల్లలా ఎత్తుకుని చంపాపేట్‌లోని ఇంటికి చేరింది. మూత తీస్తే ఎర్రెర్రని రొయ్యలు! ప్రాణం లేచొచ్చింది. డబ్బాను వంటగట్టు మీద పెట్టి స్నానానికి వెళ్లింది.

అదే ఆమె చేసిన పొరపాటు.

తల్లి ఎలీశమ్మ చేతికి రొయ్య చిక్కితే దానికి తల మిగలదు. ఇంట్లోకి రొయ్యలొస్తే అడక్కుండానే శుభ్రం చేసి పెట్టడం ఆమె ప్రేమ. పైగా డెమో రోజున కూతురు ఖాళీ కడుపుతో పోకూడదనుకుంది. సాధన జుట్టు తుడుచుకుంటూ వచ్చేసరికి ఒక గిన్నెలో తలలు, ఇంకో గిన్నెలో మొండేలు, పొయ్యి మీద వేడెక్కిన మూకుడు.

"ఎర్రగున్నయని ఉడకబెట్టి పంపిన్రనుకున్న బిడ్డ. పెంకులింక తియ్యలే," అంది ఎలీశమ్మ, కూతురి మొహం చూసి బిక్కచచ్చిపోయి.

సాధనకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ ఎరుపు వాటి పుట్టురంగని ఇప్పుడు చెప్పి ఏం లాభం? రకం తేల్చాలంటే ఎవరైనా ముందు చూసేది తల మీది రంపంలాంటి ముల్లునే. ఇప్పుడు ఏ తల ఏ మొండానిదో దేవుడికే తెలియాలి. ఉక్రోషంగా ఒక మొండెం తీసి అటూ ఇటూ తిప్పింది. చెయ్యి ఆగిపోయింది. రెండో పెంకు అంచు ముందు పెంకునూ వెనక పెంకునూ కూడా కప్పేసి ఉంది. ఇంకోటి తీసింది. దీని పెంకులు ఇంటి కప్పు మీది గూనపెంకుల్లా ఒకదాని మీదొకటి వరసగా ఉన్నాయి. గబగబా తలల గిన్నె లాక్కుంది. నడిచే కాళ్లన్నీ తలలతోనే ఊడొచ్చాయి. కొన్నిటికి మూడో జత కాళ్ల చివర పట్టుకారుంది, కొన్నిటికి లేదు. తను ఏటా చెప్పే పాఠం ప్రకారం పట్టుకారున్న తల వరస పెంకుల మొండానిది, లేని తల రెండో రకానిది. దేవుడితో పాటు ఆమెకూ తెలుసు! ఎక్కడి ఏడుపు అక్కడే ఆగి నవ్వొచ్చింది.

రెండు గిన్నెలూ అలాగే పట్టుకుపోయి క్లాసులో బల్ల మీద పెట్టింది. పెంకులూ కాళ్లూ ఎలా చూడాలో చెప్పి, ఏ తల ఏ మొండానిదో మీరే కలపండి అంది. ఎప్పుడూ ఫోన్లలోంచి మొహమెత్తని పిల్లలు భూతద్దాల కోసం కొట్లాడుకున్నారు. కాసేపటికి భానుమూర్తి కూడా వెనక బెంచీ వదిలి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, ఓ తలకు ఒళ్లు వెతకసాగాడు. ఎంత వెతికినా ఆయన చేతిలోని తల మిగిలిపోయింది.

"దీని సంగతి సోమవారం తేలుద్దామండీ సాధనగారూ. అప్పటికి మీరు పర్మనెంటు స్టాఫే కదా," అన్నాడాయన.

సాధన కాళ్లు నేల మీద ఆనలేదు. మెట్ల మీద నుంచే ఇంటికి ఫోన్ చేసింది. ఎలీశమ్మ ప్రభువుకు స్తోత్రం చెప్పి, తలకాయలన్నీ కలిసినయా అనడిగింది. అన్నీ కలిశాయి గానీ ఒక్క తలకే మొండెం దొరకలేదని సాధన చెప్పింది. ఎలీశమ్మ గొంతు తగ్గించింది.

"రుచి ఎట్లుంటదో అని ఒకటి ఏంచి చూసిన బిడ్డ."

సాధనకు నవ్వాగలేదు. ఇన్నేళ్లు చెప్పిన పాఠంలో ఎక్కడా లేని ప్రశ్న నోటికొచ్చింది.

"ఎట్లుండె అమ్మ?"

"తియ్యగుండె."