గుప్పెడు మెరుపు మందు

మొదటి ఫొటోతోనే పెండ్లికొడుకు తండ్రి మీసం కాల్చినవాడు నల్లగొండ జిల్లా మొత్తంలో నేనొక్కడినే. ఈ ఘనత ఇంతవరకు ఎవరూ నా దగ్గర్నుంచి లాక్కోలేదు.

మాది కిరాణా కొట్టు. ఏది తూచినా పైన చిటికెడు కొసరు వేయడం మా ఇంటి ధర్మం. పట్నంలో పాత కెమెరా కొన్నప్పుడు, చీకటి ఇళ్లలో వెలుగుకు దీపాల సెట్టు మేలని అమ్మినాయన చెప్పాడు. దీపాలను ఎవరు తూస్తారు? రేకు మీద పోసి అంటించే మెరుపు మందైతే తూచి ఇస్తారు. తూచేచోట కొసరు అడగవచ్చు. అడిగి, గుప్పెడు రాబట్టాను.

"ఫొటోకు ఒక్క చెంచానే," అని ఆయన రెండుసార్లు చెప్పాడు.

బాపు షరతు పెట్టాడు: "పానగల్ పెండ్లి పటం సక్కగొస్తే కెమెరా ఉంచుకో. లేకుంటే అమ్మి కొట్ల కూసో."

పెండ్లివారి నడిమింట్లో పట్టపగలే చీకటి. అడ్డతెర దించే ఘడియకని రేకు మీద చెంచాడు మందు పోశాను. చేయి అక్కడ ఆగితే మా బాపు కొడుకునెలా అవుతాను? కొసరు వేశాను. పెద్దింటి పెండ్లి కదా అని ఇంకో కొసరు.

"గంత మందెందుకు బిడ్డా?" అన్నాడు నా పక్కనే నిలబడ్డ పెండ్లికొడుకు తండ్రి, రేకులోకి వంగి.

"మీకు తక్కువ జేస్తనా మామా?" అని అంటించాను.

సూర్యుడు దర్వాజ తట్టకుండా ఇంట్లోకి దూకినట్టయింది. పొగ తగ్గాక చూస్తే, అడ్డతెర పట్టుకున్న ఇద్దరి చేతుల్లో అంచులు మాత్రమే మిగిలాయి. పెండ్లికొడుకు పెండ్లికూతురి వెనక దాక్కున్నాడు. మామకు కుడి మీసం లేదు.

"మీసానికి పది రూపాలియ్యి," అన్నాడు మామ నెమ్మదిగా.

"సగమే కాలింది మామా. అయిదిస్త."

"ఎడమదొక్కటి పెట్టుకొని ఏ జాతరకు పోవాలె?"

"మల్ల మొలుస్తది గద. మొలిచే సరుక్కు గింత ధరనా?"

"మొలిచినంక నీ పైసలు నీకు వాపస్ ఇస్త తియ్యి."

ఏడున్నరకు తెగింది. ఇంకా వాపస్ రాలేదు.

కడిగిన ఫొటోను బాపు అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిది పటమా, సున్నమేసిన గోడనా?" అని కొట్టు తాళంచెవులు నా చేతిలో పెట్టాడు.

ఆనాడే తరాజు ముట్టుకొని ఒట్టు పెట్టుకున్నాను: మండే సరుకుకు ఈ జన్మలో కొసరు వేయను. ఇక అసలు లెక్క. కెమెరా అమ్మితే వచ్చింది ఇరవై రూపాయలు. మీసానికి ఏడున్నర, అడ్డతెరకు రెండు, మిగిలిన ఎడమ మీసం గొరిగినందుకు మంగలికి రెండణాలు. కొసరు మందు మాత్రం ఉచితం.