ఎడమ చెంప

పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారని లోకం అంటుంది. మాట నిజమే కావచ్చు. కానీ అది పడేవాళ్ళకన్నా కొట్టేవాళ్ళకే ఎక్కువగా అక్కరకు వస్తుందని బోర్డులమ్మాయి చాలా ఆలస్యంగా గ్రహించింది.

ఆమె దుకాణాల పేర్లు రాసే మనిషి. అక్షరం ఆమె చేతిలో తీర్చినట్టు కుదురుతుంది. ముఖాలు మాత్రం ఓ మోస్తరే. ఫొటో మీద గళ్ళు గీసి, అవే గళ్ళను గుడ్డ మీద పెద్దవిగా గీసి, ఒక్కో గడినీ చూసి దించడం ఆమె పద్ధతి. అందులో ఊహకు చోటు లేదు. గడిలో ఏముంటే అదే రావాలి.

తల్లి పోయి ఏడాది కావస్తుండగా, ముందుగదిలోకి ఆమె పటం కావాలని తండ్రి కబురు చేశాడు. ఆయన లేత్ మెకానిక్కు, వీధిలో పెద్దమనిషి. ఇంట్లో తల్లి ఫొటో ఒకటే ఉంది. అందులో ఆమె ముఖం పక్కకు తిప్పుకుని, కుడి చెంప మాత్రమే చూపిస్తోంది. కెమెరా ముందు ఎప్పుడూ అలాగే కూర్చునేది. "నా బొమ్మ వేస్తే నీకు రంగు ఆదానే, సగం ముఖం చాలు" అని నవ్వేది.

కుడి సగం ఫొటోలో దొరికింది. ఎడమ సగాన్ని జ్ఞాపకం అంతకన్నా స్పష్టంగా దాచి ఉంచింది. కనుబొమ్మ గడిలో ద్వారబంధం: తండ్రి జుట్టు పట్టి మూడుసార్లు మోదితే బొమ చీలి, నెత్తురు అన్నంలోకి కారింది. కంటి గడిలో పిడికిలి. ఆ రెప్ప మళ్ళీ పూర్తిగా తెరుచుకోలేదు. చెంప గడిలో పానా. ఎముక ఎండుకట్టెలా విరిగిన చప్పుడు, బల్ల కింద దాక్కున్న పదకొండేళ్ళ కూతురు విన్నది. "ఏమైంది వదినా?" అని పక్కింటావిడ అడిగిన ప్రతిసారీ తల్లిది ఒకటే మాట: "పడ్డాను."

ఆ మాటలో కింద పడడమూ ఉంది, భరించడమూ ఉంది. తల్లి చెప్పింది అబద్ధమో, అబద్ధంలో చుట్టి ఇచ్చిన నిజమో కూతురు తేల్చుకోలేకపోయింది. అందుకే నేరుగా చూస్తున్న ముఖం, ఎడమవైపు గాయాలతో సహా, వేసింది.

పటం తెచ్చి తండ్రి ముందుగదిలో గోడకు ఆనించగానే అన్న గతుక్కుమన్నాడు.

"అమ్మని ఇలాగా వేసేది? నలుగురూ చూస్తే ఏమనుకుంటారే?"

"నలుగురూ చూసిన ముఖమేలే అన్నయ్యా."

"సరిచెయ్యి. నీకు రెండు నిమిషాల పని."

"నాన్నకీ రెండు నిమిషాలే పట్టింది."

తండ్రి బల్ల మీది పానా అందుకున్నాడు. మొదటి దెబ్బకు చట్రం విరిగింది. రెండో దెబ్బకు ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. కుడి మణికట్టు దగ్గర చర్మం చీల్చుకుని ఎముక తెల్లగా బయటికి వచ్చింది. "గీసే చెయ్యి ఇదేనా? గియ్యి ఇప్పుడు!" అంటూ ఆయన డొక్కలో తన్నాడు. అన్న పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. తండ్రి చేతిని కాదు, చెల్లెలి నోటిని.

"అరవకే, బయటికి వినిపిస్తుంది."

ఆస్పత్రికి వెళ్ళే దారంతా అతను బతిమాలాడు. "మెట్ల మీద పడ్డానని చెప్పవే తల్లీ. ముసలాయన, ఇంకెన్నాళ్ళుంటాడు? పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారు."

నర్సు కాగితం ముందు పెట్టుకుని అడిగింది: "ఎలా జరిగిందమ్మా? పడ్డారా?"

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది ఆమె తల్లి దగ్గర నేర్చుకున్న మాట. నొప్పిలో అన్నిటికన్నా ముందు అదే వస్తుంది. ఔనంటే ఇల్లు నిలుస్తుంది. తల్లికి మాత్రం ఎప్పటిలాగే సగం ముఖమే మిగులుతుంది.

"పడలేదు," అంది. "కొట్టారు. మా నాన్న. పానాతో. రాసుకోండి."

అన్న లేచి వెళ్ళిపోయాడు. పోలీసులకూ ఆమె అదే చెప్పి, ఎడమచేత్తో సంతకం చేసింది. మర్నాడు వాళ్ళు తండ్రిని తీసుకెళ్ళడానికి వెళ్ళినప్పుడు తానూ వెంట వెళ్ళి పటం తెచ్చుకుంది. కుడి మణికట్టు మునుపటిలా తిరగదని డాక్టరు చెప్పాడు. ఆమె చట్రం మార్పించి, పటాన్ని తన దుకాణంలో వీధికి ఎదురుగా తగిలించింది. ఆ ముఖానికి ఏమైందని ఎవరైనా అడిగితే, ఎవరు కొట్టారో చెబుతుంది.