మేనమామగారి నీడ

మొన్న పొద్దున్న పాల ప్యాకెట్ కోసం వెళ్తే మా వీధి మొగలో ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ ఒకటి కట్టి ఉంది. పిల్ల ముక్కు నీడ ఎడమ చెంప మీద, పక్కనే అతికించిన తాతగారి ముక్కు నీడ కుడి చెంప మీద. పక్కపక్కన నిలబడ్డవాళ్ళకి ఇద్దరు సూర్యులెక్కణ్ణుంచి వచ్చార్రా అని అక్కడే నిలబడి తిట్టుకుంటుంటే, కాఫీ ఇవాళా రేపా అని మా ఆవిడ ఫోన్ చేసింది.

ఏం చేస్తాం, పాత జబ్బు. మన వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఫోటోలో లేని మనిషిని తేవాలంటే వేరే ఫోటోలోంచి బ్లేడుతో కత్తిరించి, అంచులు అరగదీసి అతికించి, సన్న కుంచెతో నీడలు దిద్ది, దాన్ని మళ్ళీ ఫోటో తీసేవాళ్ళం. రాజమండ్రిలో మా నాన్నగారి స్టూడియోలో ఆ పని నాది. నన్ను మించినవాడు గోదావరికి ఇటూ అటూ లేడని నా గట్టి నమ్మకం.

ఆ గర్వం ద్రాక్షారామం దగ్గర ఒక పెళ్ళిలో అణిగింది. రాత్రి విందులో వడ్డించేవాడు పెళ్ళికూతురి మేనమామగారి విస్తట్లో పూర్ణంబూరె వేసి, దానికి చిల్లు పెట్టి నెయ్యి పోయకుండానే మగపెళ్ళివారి బంతికి పరిగెత్తాడట. ఆయన విస్తరి ముందు నుంచి లేచి, ఈ ఇంటి గడప ఇక తొక్కనని ఒట్టు పెట్టుకుని, మొదటి బస్సుకే భీమవరం వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి నేను వాకిట్లో గ్రూపు ఫోటో తీసేటప్పుడు పెళ్ళికూతురి తల్లి తన పక్కన అన్నగారి చోటులో ఇంకెవర్నీ నిలబడనివ్వలేదు.

పది రోజులకి ఆవిడ స్టూడియోకి వచ్చి, ఆ ఫోటోలో ఖాళీ చోటు తప్ప ఇంకేమీ కనిపించడం లేదనీ, ఎలాగైనా అన్నయ్యని తెచ్చి నిలబెట్టమనీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ ఆయన పాత ఫోటో ఒకటి ఇచ్చింది. రెండు రోజులు కష్టపడి అతికించాను. తీరా చూస్తే అందరూ తూర్పు ఎండకి కళ్ళు చికిలించుకుని ఉంటే ఆయనొక్కరూ నీడపట్టున నిలబడి మిగతావాళ్ళని తప్పుపడుతున్నట్టున్నారు. అందరి నీడలూ పడమటికి పోతే ఆయనది తూర్పుకి పోయింది. మా అన్నయ్యకి ఇంకా అలక తీరినట్టు లేదండి అని ఆవిడ ఫోటో తిరిగిచ్చేసింది.

నాకు పంతం వచ్చింది. భీమవరం వెళ్ళి ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాను. అదే వాకిట్లో, అదే తొమ్మిదింటి ఎండలో నిలబడితే తప్ప వెలుగు కుదరదన్నాను. గడప తొక్కనన్నానుగా అన్నారాయన. వాకిట్లో గడపెక్కడుందండి అన్నాను నేను. ఆ పాయింటు ఆయనకి నచ్చింది.

అనుకున్న రోజున తొమ్మిదింటికి మబ్బేసింది. ఆయన వాకిట్లో కుర్చీలో, గడపకి అవతల చెల్లెలు, మధ్యలో ఆకాశాన్ని తిడుతూ నేను. పన్నెండింటికి ఆవిడ బూరెలు పట్టుకొచ్చి ఆయన ఎదుట కూర్చుని, ఒక్కోదానికీ చిల్లు పెట్టి నెయ్యి పోసింది. నాలుగో బూరెకి ఆయన, ఇంక చాల్లేవే అన్నారు. పెళ్ళి తర్వాత చెల్లెలితో ఆయన అన్న మొదటి మాట అదే. ఆవిడ నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. అంతలో ఎండ కాసింది గానీ, నడినెత్తిన కాసింది. ఇది పనికిరాదు, రేపు తొమ్మిది దాకా ఆగాలన్నాను. ఆ రాత్రి ఆయన ఎక్కడ పడుకున్నారో నేనడగలేదు, మీరూ అడక్కండి.

మర్నాడు తీసిన ఫోటో అతికిస్తే అతుకు ఎవరికీ దొరకలేదు. ఒకటే తేడా, పెళ్ళి హడావుడికి నిద్రల్లేక అందరి ముఖాలూ పీక్కుపోయి ఉంటే మేనమామగారొక్కరే సుష్టుగా భోంచేసి పడుకుని లేచిన ముఖంతో ఉన్నారు.

ఇప్పుడు మా కోడలు ఈ పని ఫోన్‌లో నిమిషంలో చేసేస్తుంది. పొలం గట్టు తగువుతో మూడేళ్ళుగా నాతో మాటల్లేని మా తమ్ముణ్ణి, నా డెబ్బయ్యో పుట్టినరోజు ఫోటోలో నా పక్కన నిలబెట్టి చూపించింది. కళ్ళజోడు తుడుచుకుని మరీ వెతికాను. ఎండ సరిపోయింది, నీడ సరిపోయింది, వాడి చొక్కా మడతల్లో కూడా తప్పు దొరకలేదు. ఒక్కటి దొరికినా బాగుండును. వెలుగు కుదరలేదురా, ఒకసారి వచ్చి నిలబడు అని వాణ్ణి పిలవడానికి నాకో వంక ఉండేది.