వణుకు ఆగింది, చెయ్యి ఆగలేదు

ఆ రోజు మా ఆయన గుండుసూది గుచ్చలేకపోయారు.

టిఫిన్ చేసి తన గదిలోకి వెళ్ళి, తను తయారుచేస్తున్న బొమ్మ విమానం ముందు కూర్చున్నారు. బల్ల మీద పెద్ద డ్రాయింగ్ ఎప్పుడూ పరిచే ఉంటుంది. బాల్సా అని చాలా తేలికైన చెక్క ఒకటుంది. దాన్ని ముక్కలుగా కోసి, ఆ డ్రాయింగ్ మీద పేర్చి, జిగురు ఆరేదాకా కదలకుండా సూదులు గుచ్చాలి. కళ్ళు మూసుకుని చేసే పని అది ఆయనకి. నేను వంటింట్లో ఉండగా టకటకమని సన్నగా చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే ఆయన కుడిచేతి బొటనవేలు తనంతట తాను కొట్టుకుంటోంది, పట్టుకున్న సూది బల్లకి తగులుతోంది. ఆయన ఆ చేతిని వేరే ఎవరిదో అన్నట్టు చూస్తూ కూర్చున్నారు.

"రెండోసారి కాఫీ తాగాను కదా, అదీ సంగతి" అన్నారు. నిజమే కాబోలనుకున్నాను. ఇంట్లో కాఫీ తగ్గించాం. ఆయనతో పాటు నాదీ తగ్గించేశారు. ఆ కోపం నాకింకా పోలేదు.

మా ఆయన ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశారు. కృష్ణా కాలవల మ్యాపులు గీసీ గీసీ రిటైరయ్యారు. మాది గుణదల. ఆఫీసువాళ్ళు శాలువా కప్పి పంపిన మర్నాడే ఈ విమానం మొదలుపెట్టారు. ఎప్పుడో పంతొమ్మిదివందల ముప్పైల్లో, ఒట్టి రేసుల కోసమే తయారుచేసిన రకమట. పొట్టిగా, లావుగా, పీపాకి రెక్కలు అతికించినట్టుంటుంది. అసలుదానిలో ఆరో వంతు సైజులో చెయ్యాలని ఆయన పట్టుదల. "ఇంత పొట్టిది ఎగిరిందంటారా?" అని అడిగితే, "ఎగరడమా! దాని ముందు ఏదీ నిలవలేదు. నడిపినవాళ్ళని కూడా బతకనివ్వలేదు" అని మురిసిపోయేవారు. మనుషుల్ని మింగినదాన్ని చూసి ఆ మురిపెమేమిటో నాకు అర్థమయ్యేది కాదు. నేను దాన్ని సవతి అని పిలిచేదాన్ని. ఆయనకి ఆ పేరు నచ్చింది కూడా.

కాఫీ మానినా వణుకు మానలేదు. చేతిరాత చిన్నదైపోతూ వచ్చింది. నడుస్తుంటే కుడిచెయ్యి ఊగడం మానేసి ఒంటికి అతుక్కునేది. పోపులో ఇంగువ వేశావా అని అడిగేవారు, గుప్పుమంటుంటేనూ. మా వీధి చివర ఫిజీషియన్ బి-ట్వెల్వ్ తక్కువన్నారు, ఇంజెక్షన్లు పొడిపించుకున్నాం. ఇంకొకాయన మెడలో నరం నొక్కుకుందన్నారు, ఎమ్మారై తీయించాం. అందులో వయసుకి తగ్గ అరుగుదల తప్ప ఏమీ లేదు. చివరికి న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళాం.

ఆయన యంత్రాలేవీ వాడలేదు. వేళ్ళు టపటపా తాటించమన్నారు, వరండాలో నడవమన్నారు, వెనకనుంచి భుజాలు పట్టి లాగి చూశారు. తర్వాత కూర్చుని, "పార్కిన్సన్స్ అమ్మా. ఎర్లీ స్టేజ్. పూర్తిగా నయం చెయ్యలేం, కంట్రోల్ చెయ్యగలం" అన్నారు.

 మా ఆయన ఒక్కటే అడిగారు. "చెయ్యి పనికొస్తుందా డాక్టరు గారూ? ఒక విమానం చేస్తున్నాను. అది పూర్తయితే చాలు. తర్వాత ఎలా వణికినా పర్లేదు."

"చేద్దురుగాని మూర్తి గారూ, ఎగరేసేరోజు నన్ను పిలవండి" అని డాక్టరు నవ్వారు. ప్రామిపెక్సోల్ అని మాత్రలు రాశారు. డోస్ మెల్లగా పెంచాలన్నారు. చీటీ చేతికిస్తూ నాతో, "ఈ మందు కొందరికి ఒక పిచ్చి పట్టిస్తుందమ్మా. పేకాట, ఫోన్లో జూదం, అవసరం లేని షాపింగ్. అలాంటిదేమైనా కనిపిస్తే వెంటనే చెప్పండి" అన్నారు.

మేమిద్దరం మొహాలు చూసుకుని నవ్వేశాం. ఈయనకి ఆసు ఏదో జాకీ ఏదో తెలియదు. షాపింగ్ సంగతంటారా, ఈయన చిరిగిన బనియన్లు నేను దొంగచాటుగా పారేయాలి. అయినా చెప్పారు కదా అని ఆ రోజునుంచీ నేను ఈయన ఫోను చాటుగా చూసేదాన్ని. రమ్మీ ఆటలేమైనా ఎక్కించుకున్నారా, బ్యాంకు మెసేజీలేమైనా వచ్చాయా అని వెతికేదాన్ని. ఏమీ ఉండేవి కావు. హాయిగా ఊపిరి పీల్చుకునేదాన్ని.

డోస్ పెరిగేకొద్దీ వణుకు తగ్గింది. ఒకరోజు ఈయన సూది తీసుకుని డ్రాయింగ్ మీద నిలువుగా గుచ్చి, నన్ను కేకేసి పిలిచి చూపించారు. పెళ్ళిలో మంగళసూత్రం కట్టి కూడా అంత గర్వంగా చూడలేదు నా వంక. నేను ఆ సాయంత్రమే కొండెక్కి మేరీమాత దగ్గర కొవ్వొత్తి వెలిగించి వచ్చాను. గుణదలలో కాపురమున్నవాళ్ళకి, ఏ దేవుడికి మొక్కేవాళ్ళకైనా, ఆ తల్లి పరాయిది కాదు.

ఇక పని ఊపందుకుంది. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేవారు కాదు. రెక్కను శాండ్‌పేపరుతో రుద్దుతుంటే నేను గుమ్మంలో నిలబడి వీడియో తీశాను. చెయ్యి ఎంత నిలకడగా ఉందో! బంధువులందరికీ పంపాను. రివ్యూకి వెళ్ళినప్పుడు డాక్టరు గారికీ చూపించాను. బయట ఇంకా ఎంతోమంది కూర్చుని ఉన్నారు, ఆయన టైము తినకూడదని, "చాలా బాగున్నారండీ, అంతా మీ దయ" అన్నాను. ఆయన వీడియో కాసేపు చూసి, "ఎక్సలెంట్ రెస్పాన్స్. ఇదే కంటిన్యూ చేద్దాం" అన్నారు.

విమానం ఒళ్ళు పూర్తయింది. కుడి రెక్క పూర్తయింది. ఎడమ రెక్క మాత్రం పూర్తవలేదు. అంటే, పూర్తయ్యేది. నునుపుగా, చక్కగా తయారయ్యేది. మర్నాడు దాన్నే మళ్ళీ రుద్దేవారు. పల్చబడి విరిగిపోయేదాకా రుద్దేవారు. విరిగితే బాధ కూడా ఉండేది కాదు మొహంలో. కొత్త చెక్క తీసి మళ్ళీ మొదటినుంచీ కోసేవారు. "ఇప్పుడు కుదురుతుంది చూడు" అనేవారు. ఇదంతా పనితనం అనుకున్నాను నేను. గీత అరవెంట్రుక తప్పినా కాగితం చింపేసిన మనిషి, ఇప్పుడు రెక్క దగ్గర ఊరుకుంటారా అనుకున్నాను.

ఉయ్యూరు నుంచి మా ఆడపడుచు సుగుణ వచ్చింది. "మీ అన్నయ్య అన్నానికి రావట్లేదు, స్నానం చెయ్యట్లేదు, నిద్ర కూడా సరిగా లేదు" అని నేనంటే, "నీకన్నీ లోపాలే వదినా! ఆ జబ్బొచ్చిన మగాళ్ళు మంచానికి అతుక్కుపోయి పెళ్ళాల్ని పీక్కుతింటుంటే, మా అన్నయ్య మహరాజులా పని చేసుకుంటున్నాడు. దిష్టి పెట్టకు" అంది. 

తర్వాత మాత్రల స్ట్రిప్పు ముందే అయిపోవడం మొదలైంది. అడిగితే, "మధ్యలో చెయ్యి బిగుసుకుంటోంది, ఒకటి ఎక్కువ వేసుకున్నాను, ఏం కొంప మునిగింది?" అని కసిరారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన నన్ను అలా కసిరింది లేదు.

ఒక మధ్యాహ్నం భోజనానికి పిలుద్దామని గదిలోకి వెళ్ళాను. కుర్చీ కింద నేల తడిగా ఉంది. మంచినీళ్ళు ఒలికాయనుకుని గుడ్డ తెచ్చి వంగితే వాసన తగిలింది. ఆయన పంచె తడిసిపోయి ఉంది. లేవకుండా రుద్దుతూనే ఉన్నారు. చేతివేళ్ళ చర్మం లేచిపోయి నెత్తురు వస్తోంది, తెల్లటి చెక్క మీద ఎర్రగా చారలు. నేను చెయ్యి పట్టుకుని ఆపబోతే తోసేశారు. నేను వెళ్ళి బీరువాకి కొట్టుకున్నాను.

"ఏమైంది మీకు? ఎందుకండీ ఇంకా రుద్దుతున్నారు? అయిపోయింది కదా అది!" అని అరిచాను.

ఆయన నా వైపు చూశారు. పెదవుల మీద నవ్వుంది, కళ్ళు మాత్రం భయపడిపోయి ఉన్నాయి. "తెలుసు సరళా. అయిపోయింది. ఆపాలనే ఉంది. చెయ్యి ఆగట్లేదే" అన్నారు. అంటూనే రుద్దుతున్నారు.

మర్నాడు ఫోన్ చేసి సుగుణని రప్పించి, తోడు తీసుకుని ఆయన్ని ఆసుపత్రికి లాక్కెళ్ళాను. ఆటోలో కూర్చున్నంతసేపూ చొక్కా గుండీ విప్పడం, పెట్టడం, మళ్ళీ విప్పడం. ఈసారి డాక్టరు దగ్గర నేనేమీ దాచలేదు. తడిసిన పంచె సంగతితో సహా చెప్పాను. సుగుణ తల వంచుకుంది.

డాక్టరు గారు, "దీన్ని పండింగ్ అంటారమ్మా. ఎక్కువగా ఈ గ్రూపు మందులతో వస్తుంది. మనిషికి ముందునుంచీ ఏ పని అలవాటో, దాన్నే పట్టుకుంటుంది. చేసిందే చేస్తారు, విప్పిందే విప్పుతారు" అన్నారు. తర్వాత, "ఆ వీడియో ఉందా ఫోన్లో?" అని అడిగారు. చూపించాను. ఈసారి చివరిదాకా చూశారు. "చూడండి, రెక్క అప్పటికే నున్నగా ఉంది. ఒకే చోట రుద్దుతున్నారు. అప్పుడు నేను చెయ్యి వణుకుతోందా లేదా అనే చూశాను" అన్నారు.

బంధువులందరికీ పంపి గొప్పలు చెప్పుకున్న వీడియో అది. నేను మురిసిపోయిందల్లా జబ్బును చూసే. నాకు అక్కడే ఏడుపొచ్చింది.

మందు ఒక్కసారిగా ఆపకూడదట. కొద్దికొద్దిగా తగ్గిస్తూ, బదులుగా లెవోడోపా అని వేరే మందు చిన్న డోస్‌లో మొదలుపెట్టారు. "తగ్గించేటప్పుడు ఆయన మీకు నరకం చూపిస్తారు. తట్టుకోవాలి. మాత్రలు మీ చేతిలోనే ఉండాలి" అన్నారు.

నరకం అన్నది చిన్నమాట. చెమటలు పట్టేవి, గుండె దడ అనేవారు, ఏదో అయిపోతోందని మంచం పట్టీ గట్టిగా పట్టుకునేవారు. నేను మాత్రల డబ్బా బియ్యం డ్రమ్ములో దాచాను. అది కనిపెట్టి డ్రమ్ము బోర్లించారు, డబ్బా దొర్లగానే నేను లాక్కున్నాను. బియ్యంలో కూర్చుని రెండు చేతులూ జోడించి, "ఒక్కటే, సరళా. ఒక్కటివ్వు. ఎడమ రెక్క ఒక్కటి పూర్తిచేసుకుంటాను" అని బతిమాలారు. ఆ జోడించిన చేతులు మళ్ళీ వణకడం మొదలుపెట్టాయి. నేను ఇవ్వలేదు. అప్పుడన్నారు, "నీకు కావలసింది ఇదే కదా. నేను వణుకుతూ ఓ మూల పడుండాలి. నా చేతులు జబ్బు తీసుకుపోలేదు. నువ్వు తీసేశావు."

కోపంలో అన్నమాటని పట్టించుకోకూడదంటారు. పట్టించుకున్నాను. ఇప్పటికీ పట్టించుకుంటున్నాను.

కొన్ని నెలలకి ఆ మందు పూర్తిగా ఆగిపోయింది. దాంతోపాటు రుద్దడమూ ఆగిపోయింది. వేళకి స్నానం, వేళకి భోజనం. పచ్చడిలో ఉప్పెక్కువైందని మళ్ళీ వంక పెడుతున్నారు, అది వింటే నాకు ప్రాణం లేచివచ్చింది. కుడిచెయ్యి వణుకుతుంది. గ్లాసులో సగమే పోసి ఇస్తాను. పొద్దున ఏలూరు కాలవ గట్టు మీద ఇద్దరం నడుస్తాం, ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పినట్టు నేను ఒకటి రెండు అని లెక్కపెడుతుంటే ఆయన అడుగులు పెద్దవిగా వేస్తారు.

మొన్నామధ్య ధైర్యం చేసి అడిగాను. "ఎడమ రెక్కకి సూదులు నేను గుచ్చుతాను, మీరు పక్కన కూర్చుని చెప్పండి. ఇద్దరం పూర్తిచేద్దాం." సవతిని నేనే పీటల మీద కూర్చోబెడుతున్నాను, ఇంకేం కావాలి అని నవ్వించబోయాను కూడా.

ఆయన గదిలోకి వచ్చి విమానాన్ని చాలాసేపు చూశారు. ఒంటిరెక్కతో పక్కకి ఒరిగి ఉంది. "ఏమీ అనిపించట్లేదు సరళా" అన్నారు. మళ్ళీ ఆయనే, "అంత ఇష్టంగా చేశానే, అది నేనా, మందా?" అని అడిగారు.

"మీరేనండీ! మందు రాకముందు ఎన్నాళ్ళు చేశారు! నన్ను కూడా మర్చిపోయి చేశారు" అన్నాను.

"ఏమో" అన్నారు. నమ్మలేదు. ఆ మాత్రలు దాచింది నేనే కాబట్టి నా మాట నమ్మించే దారి నాకు దొరకలేదు. మర్నాడు ఆయనే దాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారు. రెక్క లేని విమానం ఎవరికి కావాలి? అటక మీద పెట్టించాను. ఆ బల్ల మీద ఇప్పుడు ఇస్త్రీ చేసుకుంటున్నాను.

ఈ జబ్బుతో మనిషిని చూసుకుంటున్నవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు గారు ఎలా ఉన్నారని అడిగితే, మర్యాద కోసం బాగున్నారండీ అని లేచి రాకండి. మందు సొంతంగా తగ్గించకండి, ఆపకండి, కానీ ఇంట్లో జరిగేదంతా ఆయనకి చెప్పండి. మనమందరం మనిషి ఏ పని చెయ్యలేకపోతున్నాడో చెబుతాం. ఏ పని ఆపలేకపోతున్నాడో కూడా చెప్పండి. మీ మనిషి మునుపెన్నడూ లేనంత సంతోషంగా ఉంటే, అదీ చెప్పండి.