ఆకు తెచ్చినవాళ్లకు కాగితం ప్లేటు

ఆ రోజుల్లో మనుషులు ఒకరినొకరు నమ్ముకునేవారని ఎవరైనా నిట్టూరిస్తే నాకు నవ్వు ఆగదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాకు తెలిసినంతవరకు, ఎవరూ ఎవరినీ నమ్మేవారు కాదు. పైగా నమ్మకపోవడమే నా ఉద్యోగం. జనగామ దాటాక హైదరాబాదు రోడ్డు నుంచి కాస్త లోపలికి, ఒక రేకుల షెడ్డులో మోదుగాకుతో విస్తళ్లు చేసేవాళ్లం. ఆకు బస్తాలు దిగగానే నేను ఒక్కో కట్ట విప్పి, ఆకును ఎండకేసి ఎత్తిపట్టి, చిల్లులున్నాయా, మచ్చలున్నాయా, అన్నిటికంటే ముఖ్యంగా తడి ఉందా అని చూడాలి. డిగ్రీ పాసైన కొడుకు పొద్దస్తమానం ఆకులు పైకెత్తి చూస్తాడని చెప్పుకోవడం ఇష్టంలేక, మా నాయిన వాడకట్టులో అందరికీ 'మావోడు కంపెనీల ఇన్‌స్పెక్టరు' అని చెప్పి పెట్టాడు. ఆ మాట నిలబెట్టడానికైనా నేను అనుమానంగా ముఖం పెట్టుకుని తిరగవలసి వచ్చేది.

షెడ్డు యజమానిని అందరం పటేలా అనే పిలిచేవాళ్లం. పొలాలూ పలుకుబడీ ఉన్న మనిషి. ఒకసారి ఎన్నికల్లో నిలబడి ఓడిపోయాడు కూడా. (ఆయనకు అనుమానం జబ్బు అప్పుడే పట్టుకుందని ప్రెస్సు మిషన్ల దగ్గర పనిచేసే అక్కలు అనేవారు. మెడలో దండలు వేసినవాళ్లకూ డబ్బాలో పడ్డ ఓట్లకూ పొంతన కుదరక, అప్పటినుంచి దండ వేయడానికి ఎవరొచ్చినా ఒకడుగు వెనక్కి వేస్తాడట.) మాకు ఆకు రెండు చోట్ల నుంచి వచ్చేది. ఒకటి బయ్యారం అవతల ఉన్న తండా, రెండోది కాటారం అడవి అంచున ఒక ఊరు. ఈ రెండు ఊళ్లవాళ్లూ తూకం పెంచడానికి ఆకు మీద నీళ్లు చల్లి తెస్తున్నారన్నది పటేలు గట్టి నమ్మకం. అందుకని వచ్చిన ఆకును వెంటనే కాంటా ఎక్కించనిచ్చేవాడు కాదు. డాబా మీద పరిచి, గలగలలాడేదాకా ఎండబెట్టించి, అప్పుడు తూకం వేయించేవాడు. ఆ డాబా మీద ఎండలో ఆకులు తిరగేస్తూ నేనూ బాగా ఎండాను.

అటువైపు వాళ్లేమైనా తక్కువ తిన్నారా? వాళ్ల అనుమానమంతా మా కాంటా మీద. తండా నుంచి ఆకు తెచ్చే ఆడవాళ్లకు పెద్దదిక్కు ఒక ముసలామె. వాళ్ల భాషలో అమ్మను యాడి అంటారు కనుక మేమందరం ఆమెను యాడీ అనేవాళ్లం. టెంపో దిగగానే ఆమె బస్తాల జోలికి పోకుండా ముందు తానే మా కాంటా ఎక్కి నిలబడేది. ముల్లు ఎక్కడ ఆగిందో నాచేత గట్టిగా చదివించుకుని, "దవాఖానల ఒక తీరు, మీ కాడ ఒక తీరు. నడుమ తొవ్వల నేనేమన్న కరిగిన్నా కొడుకా?" అని అడిగేది. ఏం చెప్పాలో తెలియక నేను చెప్పుల తేడా అయి ఉంటుందనేవాణ్ని. ఆమె తన ఉత్త కాళ్ల వైపు చూసుకునేది. ఇక తండావాళ్లకూ కాటారం వాళ్లకూ మధ్య ఉన్న అనుమానం వేరే పురాణం. అవతలివాళ్లకు పటేలు చాటుగా ఎక్కువ రేటు ఇస్తున్నాడని రెండు ఊళ్లవాళ్లూ విడివిడిగా నా చెవిలో చెప్పేవారు.

ఇలా అందరం ఒకరి మీద ఒకరు కన్నేసి హాయిగా బతుకుతుండగా హైదరాబాదు నుంచి పటేలు అల్లుడు దిగాడు. అతను మోటారు సామాన్లు తయారుచేసే కంపెనీలో పనిచేసేవాడు. ముడిసరుకు ఇచ్చేవాళ్లతో కలిసిమెలిసి ఎలా ఉండాలో అక్కడ ఏదో శిక్షణ ఇచ్చారట. ఆకు ఇచ్చేవాళ్లను సప్లయర్లు అనకూడదనీ, పార్ట్‌నర్లు అనాలనీ, మనకెంత ఆకు ఎప్పుడు కావాలో వాళ్లకు ముందే చెప్పాలనీ, వాళ్ల కష్టం మనం చూడాలనీ మన పని వాళ్లకు చూపాలనీ మామగారికి పాఠం చెప్పాడు. పటేలు అంతా విని, "ఆకు అమ్మేటోడు భాగస్తుడు ఎట్లయితడు అల్లుడు? రేపు షెడ్డుల వాటా అడుగుతడు," అన్నాడు. కానీ అల్లుడి మాట తీసేస్తే ఇంట్లో కూతురితో గొడవ కనుక సరేనన్నాడు.

ముందు వాట్సాప్ గ్రూపు పెట్టారు. పేరు 'మన ఆకు మన బంధం'. హైదరాబాదులో ఒక ఫంక్షన్ హాలువాళ్లు పెళ్లిళ్లకు పెద్ద ఆర్డరు ఇచ్చారనీ, వానలు పడకముందే ఇంత ఆకు కావాలనీ అల్లుడు అందులో దాపరికం లేకుండా రాశాడు. దాంతో రెండు ఊళ్లూ నిశ్శబ్దమైపోయాయి. ఇంత ఆకు కావాలని పటేలు తనంతట తాను చెబుతున్నాడంటే ఏదో మర్మం ఉందని తండాలో అనుకున్నారట. ఇది తండావాళ్లకు పెట్టబోయి పొరపాటున తమకు పెట్టారని కాటారంలో అనుకున్నారట. గ్రూపులో జవాబిచ్చింది టెంపో డ్రైవరు ఒక్కడే, అదీ గులాబీ పువ్వుతో శుభోదయం. ఆకు రావడం ఇంకా తగ్గింది. ఇటు పటేలు నన్ను పిలిచి, ఆకు సమయానికి రాకపోతే ఆర్డరు పోతుందనీ, ఆర్డరు పోతే ఆకు పని కట్టిపెట్టి వేరే వ్యాపారం చూసుకుంటాననీ చెప్పాడు. ఆకే లేకపోతే ఆకు చూసేవాడెందుకని విడిగా చెప్పనక్కర్లేదు కదా. మా నాయిన వాడకట్టులో పెంచిన ఇన్‌స్పెక్టరు కళ్లముందే కూలిపోతున్నట్టనిపించింది.

అప్పుడు అల్లుడే ఇంకో ఉపాయం చెప్పాడు. రెండు ఊళ్లవాళ్లనూ పిలిచి, షెడ్డంతా చూపించి, కలిసి కూర్చుని భోంచేద్దామని. దావత్ మాట గ్రూపులో పడ్డ కాసేపటికే కాటారంలో ఆకు పోగుచేసే అన్న నాకు ఫోన్ చేశాడు. "తమ్మీ, నిజం చెప్పు. పటేలు ఆకు బంద్ పెడుతుండా? సావు కబురు చెప్పేటోళ్లే ముందుగాల గిట్ల మంచిగ కూసోపెడ్తరు," అన్నాడు. అలాంటిదేమీ లేదని నేను ఒట్టు వేశాను. ఒట్టు వేసేసరికి అతని అనుమానం రెట్టింపైంది.

దావత్ ఏర్పాట్లు నాకే అప్పగించారు. యాటకూర, బగారన్నం, పచ్చిపులుసు, అన్నీ కుదిరాయి. చిక్కల్లా ప్లేట్ల దగ్గర వచ్చింది. షెడ్డు నిండా విస్తళ్లే, కానీ అన్నీ ఆర్డరు కోసం కవర్లలో ప్యాక్ చేసి ఉన్నాయి. ఒక్క కట్ట కూడా విప్పకూడదని పటేలు ముందే హెచ్చరించాడు. మిగిలినవి నేనే చిల్లులున్నాయని పక్కన పడేసినవి. పిలిచి పిలిచి చిల్లుల విస్తట్లో పెడితే ఇంకేమైనా ఉందా? బాగా ఆలోచించి (ఇక్కడే నా డిగ్రీ అక్కరకొచ్చింది) బస్టాండు దగ్గరి దుకాణంలో వెండిపూత వేసిన కాగితం ప్లేట్లు తెచ్చాను. పటేలు ఒకటి తీసి వంచి చూసి మందంగానే ఉన్నాయన్నాడు. అల్లుడు నీటుగా ఉన్నాయన్నాడు. విస్తళ్లు చేసే షెడ్డులో, విస్తరాకు తెచ్చేవాళ్లకు, మేము ముగ్గురం మనస్ఫూర్తిగా కాగితం ప్లేట్లు ఖాయం చేశాం.

ఆదివారం మధ్యాహ్నం రెండు ఊళ్లవాళ్లూ వచ్చారు. యాడి వస్తూ వస్తూ టెంపోలో ఆకు కూడా తెచ్చింది కానీ దించనివ్వలేదు. కబురు మంచిదైతే దించుతుంది, చెడ్డదైతే వెనక్కి తీసుకుపోతుంది. తాగడానికి నీళ్లు కూడా తండా నుంచే తెచ్చుకున్నారు. చాపలు వేసి, వాళ్ల ముందు ప్లేట్లు పెట్టి, ఉక్కగా ఉందని నేనే ఫ్యాను వేశాను. అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుందనీ, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందనీ పెద్దలు ఊరికే అనలేదు. ఆ వెండి ప్లేట్లన్నీ ఒక్కసారిగా లేచి షెడ్డంతా తిరిగాయి. ఎవరూ నవ్వలేదు. యాడి ఒళ్లో వాలిన ప్లేటును ఆమె తీసి, వేలితో నొక్కి, తిరగేసి, అచ్చం నాలాగే వెలుతురుకు ఎత్తిపట్టి చూసింది.

"గిది ఎవలు కుట్టిన్రు కొడుకా?" అంది.

ఎవరూ కుట్టలేదు, మిషనుదే అని నేను నిజం చెప్పాను. ఆమె ప్లేటును మెల్లగా చాప మీద పెట్టి, లేచి, కొంగు సర్దుకుంది. ఆమె వెనక తండావాళ్లందరూ లేచారు. కాటారం అన్న నావైపు చూసిన చూపు ఇంకా నాకు గుర్తే. తాను ఫోన్లో అడిగిందేమిటి, నేను ఒట్టు వేసిందేమిటి. వాళ్లతోపాటు టెంపో ఎక్కి పోతున్నది నా ఉద్యోగమే. అల్లుడు పార్ట్‌నర్లూ పార్ట్‌నర్లూ అంటూ వాకిలికి అడ్డం పడ్డాడు. పటేలు మాత్రం నా భుజం పట్టుకుని పక్కకు లాగి, గొంతు తగ్గించి, "నిజం చెప్పు పిలగా, నిన్ను ఏ కాగితం ప్లేట్ల కంపెనోడు పంపిండు?" అని అడిగాడు.

టెంపో దాకా పోయిన యాడి అక్కడ ఆగింది. యాటకూర వాసన ఆపిందో, మా ముఖాలు చూసి జాలిపడిందో ఆమెకే తెలియాలి. వెనక్కి తిరిగి, "పటేలా, నీ మీద అనుమానం ఉంటది గని కూడు మీద ఏముంటది? ఆకుంది, కుట్టుకొని తింటం," అని ఒక బస్తా దింపించింది. ఆడవాళ్లు షెడ్డు ముందు గుండ్రంగా కూర్చుని పుల్లలు తీశారు. తీరా చూస్తే ఆకు పెళపెళమంటోంది. ఈసారి పటేలు వంక పెట్టకుండా వాళ్లే బాగా ఎండబెట్టి తెచ్చారట. పుల్ల గుచ్చితే చాలు పగిలిపోతోంది. యాడి తలెత్తి నన్ను కాసిని నీళ్లు తెమ్మంది.

నీళ్లు అనగానే పటేలు కళ్లు మెరిశాయి. ఇన్నాళ్లకు దొంగ దొరికిందన్న సంతోషంతో అల్లుడి వైపు తిరిగి, "సూసిన్రా అల్లుడు, నీళ్లు సల్లుతున్నరు," అన్నాడు.

"సల్లకుంటే ఆకు ఇరుగుతది పటేలా," అంది యాడి, చేతిలో పని ఆపకుండా. "నువ్వు సల్లవా?"

అప్పుడు వినిపించింది ప్రెస్సు అక్కల నవ్వు. ముందు కొంగు అడ్డం పెట్టుకుని, తర్వాత అదీ లేకుండా. ఎందుకంటే నేను పొద్దంతా డాబా మీద ఎండబెట్టిన ఆకును, మిషన్లో పగిలిపోకుండా వాళ్లు రోజూ మధ్యాహ్నం తొట్టిలో నీళ్లు తీసి తడుపుతారు. ఆ తొట్టి కట్టించింది పటేలే. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు, షెడ్డులో అందరికీ తెలుసు. కాంటా దగ్గర మోసమైన నీళ్లు, మిషను దగ్గరికి పోయేసరికి పనితనమయ్యేవి. మధ్యలో ఉన్నవి పది పన్నెండు అడుగులే అయినా, ఆ రెండూ ఒకే నీళ్లని మాలో ఒక్కరికీ తట్టలేదు. పటేలు కాసేపు తొట్టి వైపు, కాసేపు కాంటా వైపు చూసి, తాము చల్లేది పని కోసమని గొణిగాడు. "మేం సుత పనికే," అంది యాడి. "ఎండినాకు టెంపోల పోస్తే బయ్యారం దాటకముందే పిండైతది. పిండి తెస్తే తీసుకుంటవా?"

కాటారం అన్న అప్పుడు, ఈ లొల్లి అంతా కాంటాతోనే కనుక, తూకం మానేసి కట్టకు ఇన్ని ఆకులని పెట్టుకుంటే నీళ్లు ఎవరు చల్లినా ఎవరికేమిటని అన్నాడు. అల్లుడు ఎగిరి గంతేసి, తాను మొదటినుంచీ చెబుతున్నది అదేనన్నాడు. (అతను ఎప్పుడు చెప్పాడో మాకెవరికీ గుర్తులేదు.) పటేలు చాలాసేపు గడ్డం గోక్కుని, కట్ట లెక్కకు ఒప్పుకుంటూనే, కట్ట నడుమ చిన్నాకులు దాచిపెడితే ఊరుకోనన్నాడు. కట్ట విప్పేటప్పుడు తమ మనిషి ఒకామె పక్కన ఉంటుందని యాడి అంది. అలా పాత అనుమానం పోయి, దాని జాగాలో అందరికీ నచ్చిన కొత్త అనుమానం వచ్చింది.

ఇక భోజనాలు. ఒక్కొక్కరికీ ఒక్కో తడి మోదుగు వాసన విస్తరి. పటేలు కూడా చాప మీదే కూర్చున్నాడు. వడ్డన నాది కనుక అందరికంటే చివర కూర్చున్నాను. యాడి నా కోసం కుట్టిన విస్తరిని నా చేతికే ఇచ్చింది. నేనేం చేశానంటారా? అలవాటు కొద్దీ, ఏమాత్రం ఆలోచించకుండా, దాన్ని ఎండకేసి పైకెత్తాను. షెడ్డంతా నవ్వు. నేను వెలుతురు చూసేలోపే ఆమె నా చెయ్యి పట్టి కిందికి దించింది.

"తిను కొడుకా," అంది. "సూసుడు రేపు."

వానలకు ముందే ఆకు వచ్చింది, ఆర్డరు వెళ్లింది, నా ఉద్యోగం నిలిచింది. కాంటా ఆ తర్వాత ప్రెస్సు అక్కలు తాము లావెక్కామా తగ్గామా అని చూసుకోవడానికే పనికొచ్చింది. ఇప్పుడు నేను హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీకి సరుకు కొనే పనిలో ఉన్నాను. సరుకు ఇచ్చేవాళ్లను ఏసీ గదిలో కూర్చోబెట్టి, భాగస్వామ్యం, నమ్మకం అంటూ నేనే తెర మీద బొమ్మలు చూపిస్తాను. వాళ్లు తలలూపుతూనే, ఇంతకీ ఈయన రేటు ఎంత తగ్గించబోతున్నాడో అన్నట్టు చూస్తారు. వాళ్లనేమనగలను? నేనూ అంతే. బజారులో బెండకాయ నుంచి ఇంట్లో కొత్త దుప్పటి దాకా ఏది చేతికొచ్చినా ముందు వెలుతురుకు ఎత్తి చూస్తాను, మా ఆవిడ విసుక్కుంటుంది. యాడి ఇప్పుడు లేదు. ఆమె చెప్పిన ఆ రేపు మాత్రం నాకు రోజూ వస్తూనే ఉంది, చూస్తూనే ఉన్నాను. జన్మలో చూడకుండా అందుకుని తిన్నది ఆ ఒక్క విస్తట్లోనే. దానికి చిల్లి ఉందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. పచ్చిపులుసు మాత్రం చుక్క కూడా కారలేదు.