సరోజ తీయమన్న డబ్బా

ఈరోజు ఆదివారం. సరోజ నిన్న పొద్దున పోయింది.

అపార్ట్‌మెంట్ గ్రూపులో దండాల బొమ్మల మధ్య ఇంకో మాట కూడా చూశాను. "ఆ లక్ష్మి ఇచ్చిన మాత్రల వల్లే" అని.
అందుకే రాస్తున్నాను. సగం చదివి ఆపకండి.

ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఆమె కోసం ఫ్లాస్కులో కాఫీ పోస్తున్నాను.
అవతలి అమ్మాయి చెప్పింది మొత్తం విన్నాను. విని, ఫ్లాస్కు మూత గట్టిగా బిగించాను.

అది ఇంకా గట్టు మీదే ఉంది.

తెలియనివాళ్ళకి చెబుతున్నాను. మన సరోజ, అంటే డాక్టర్ సరోజిని, మైక్రోబయాలజిస్ట్. జబ్బు ఏ క్రిమి వల్ల వచ్చిందో, దానికి ఏ మందు పనిచేస్తుందో ల్యాబ్‌లో తేల్చేది. నేను లెక్కల టీచర్ని. ఉక్కునగరం క్వార్టర్స్‌లో మావి పక్కపక్క ఇళ్ళు. ఇక్కడికొచ్చాక ఎదురెదురు తలుపులు. ఇద్దరం ఒంటరివాళ్ళమే. ఆమె ఉన్నన్నాళ్ళూ నాకు ఆ సంగతి గుర్తుండేది కాదు.

ఒకసారి దగ్గు తగ్గక, ఏదైనా యాంటీబయోటిక్ రాసిమ్మన్నాను.

"ఏటే టీచరమ్మా, తప్పు ఎక్కడుందో సూడకుండా పేపరంతా కొట్టేత్తావేటి నువ్వు?" అంది.

అని ఊరుకోలేదు. నన్ను తన ల్యాబ్‌కి లాక్కెళ్ళింది.
గుండ్రటి పళ్ళెంలో క్రిములు పల్చగా పొరలా పెరిగి ఉన్నాయి. వాటి మీద మందు అద్దిన చిన్న కాగితం బిళ్ళలు. కొన్నిటి చుట్టూ ఖాళీ వలయం. మందు పనిచేసిన చోటు అది. ఒక బిళ్ళకి మాత్రం అంచుదాకా క్రిములే.

"సూడు, ఈ మందంటే ఈటికి బయం పోయింది. మనవే పోగొట్టినాం. సగం కోర్సు మింగి, సగం దాసుకుని."

ఆ దాచుకున్న సగాలే మన లిఫ్ట్ పక్కన బిస్కెట్ డబ్బాలో ఉండేవి. క్వార్టర్స్ నాటి అలవాటు. షిఫ్ట్ దిగి వచ్చేసరికి షాపులు మూసేసేవారని, ఎవరింట్లో మిగిలిన మాత్రలు వాళ్ళు అందులో వేసేవాళ్ళం. సాయమనే అనుకున్నాం. సరోజ యాంటీబయోటిక్స్ ఏరి తీసేసేది. మనం నవ్వి మళ్ళీ నింపేవాళ్ళం.

రెండు వారాల కిందట ఆమెకి చలిజ్వరం వచ్చినప్పుడు నేను కాకినాడలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. మూడో అంతస్తు లక్ష్మి ఒక్కతే తలుపు తట్టింది. గంజి కాచి పట్టింది. డబ్బాలోంచి మాత్రలు తెచ్చి వేసింది. ఏ మాత్రో చూసుకునే తెలివి ఆ జ్వరంలో సరోజకి లేదు.

జ్వరం తగ్గక ఆమెని ఆసుపత్రిలో చేర్చారని తెలిసి నేను వచ్చేశాను. అక్కడ రక్తాన్ని కల్చర్‌కి, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకి పంపితే, ఏమీ పెరగలేదని వచ్చింది. ముందే పడిన మాత్రలు క్రిమిని అణిచాయి గానీ చంపలేదు. డాక్టర్లు అంచనా మీద మందులు మొదలుపెట్టారు. మళ్ళీ పంపిన శాంపిల్‌లో క్రిమి దొరికేసరికి ఒళ్ళంతా పాకింది. చాలా మందులు దాని మీద పనిచేయవని కూడా అందులోనే తేలింది.

ఆ మాత్రలు వేయకపోతే బతికేదా అని డాక్టర్‌ని అడిగాను. చెప్పలేమన్నారు. గ్రూపులో మాత్రం అందరూ చెప్పగలుగుతున్నారు.

సరోజ కళ్ళజోడు అడిగి ఆ రిపోర్ట్ తనే చదువుకుంది.
తర్వాత నా చెయ్యి పట్టుకుని అంది:

"లచ్చిమినేటీ అనీకు. నా తలుపు కొట్టింది అదొక్కత్తే. ఆ డబ్బా తియ్యి."

ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే.

లక్ష్మి నిన్నటి నుంచి తలుపు తీయడం లేదు.

ఇక జరగవలసినవి:

1. డబ్బా ఈ పొద్దున తీసేశాను. మళ్ళీ ఎవరూ పెట్టకూడదు.

2. ఇళ్ళలో మిగిలిన మాత్రలు ఎవరికీ ఇవ్వకండి, సింకులో పోయకండి. ఎక్కడ అప్పగించాలో కనుక్కుని చెబుతాను.

3. జ్వరం వస్తే డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి. ఆయన కల్చర్ రాస్తే, ముందు శాంపిల్, వెంటనే మందు. రాసిన కోర్సు రాసినట్టు వాడాలి.

4. లక్ష్మి మీద రాసినవాళ్ళు అవి తీసేయాలి. ఎవరెవరో నాకు తెలుసు.

5. ఒంటరిగా ఉన్నవాళ్ళ తలుపు రోజూ ఎవరో ఒకరు తట్టాలి. నాది కూడా.

6. లక్ష్మీ, సాయంత్రం కాఫీకి రా. ఫ్లాస్కు కడిగి పెడతాను.

సరోజా, ఇక కళ్ళజోడు తీసి పడుకో. మిగతా రిపోర్టులు ఇంకెవరైనా చూస్తారు. నీ నిద్ర చల్లగా ఉండాలి.