తెరమీద మన రంగు

గుంతకల్లు స్టేషన్ వెయిటింగ్ రూము టీవీలో ఆ మధ్యాహ్నం, మనిషి వేగం కోసం పడిన తపన మీద డాక్యుమెంటరీ వస్తోంది. కార్లు, విమానాలు, రాకెట్లు. నడిపేవాళ్లంతా తెల్లదొరలే. ఆడవాళ్లున్నది జెండాలు ఊపడానికే. ఎంతసేపటికో మన రంగు అమ్మాయి ఒకతె పరిగెత్తుతూ కనిపించి, అంతలోనే మాయమైంది. స్కూల్లో ఉండగా జిల్లా పరుగు పోటీల్లో కప్పు గెలిచినదాన్ని, నాకు కడుపు మండింది. అక్కడ నేనుండాల్సింది.

నా పక్కన కంబళి భుజాన వేసుకున్న గొర్రెలకాపరి ఒకామె కూర్చుని ఉంది. ఆ అమ్మాయిని చూడగానే లేచి, తానే పరిగెత్తబోతున్నట్టు కొంగు నడుముకు దోపుకుంది.

"మన మాదిరే ఉండాది సూడు పాపా! తోడేలు గొర్రెపిల్లను ఎత్తుకపోతే నేనూ అట్లే ఉరికినా."

"దొరికిందా?"

"యాడికి పోతాది? నోట్లోనుంచి గుంజుకున్యా."

ముంజేతి మీద పంటిగాట్లు చూపించి నవ్వింది. అంతే, తెరమీది అమ్మాయిపై ఉన్న కుళ్లంతా ఈమె మీదికి మళ్లింది.

ఆమె బండి వచ్చింది. తొందరేమీ లేకుండా నడిచి వెళ్లిపోయింది. టీవీలో ఇంకా ఎవరెవరో పరిగెత్తుతూనే ఉన్నారు. వాళ్లెవరి ముందూ, నా ముందూ ఏనాడూ, కాపాడాల్సిన గొర్రెపిల్ల లేదు.